రాగి కొలతా, రోజుల లెక్కా

(భీమవరంలో ఆక్వేరియం దుకాణదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వద్దన్నాను గానీ వెనకాల కూర్చున్నవాళ్ళు వినపడట్లేదంటున్నారు, అందుకని పట్టుకున్నాను.

ముందు ఒక మాట అడుగుతాను. ఇక్కడ సముద్రపు చేపలు అమ్మేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. పదకొండు మంది. సరే. ఈ పదకొండు మందిలో సిస్టమ్ నీళ్ళల్లో, అంటే షాపులో తొట్టెలన్నిటికీ కలిపి తిరిగే నీళ్ళల్లో, ఎప్పుడూ కొంచెం రాగి వేసి ఉంచేవాళ్ళు ఎంతమంది? చేతులు లేవట్లేదు గానీ నవ్వులు మాత్రం వినపడుతున్నాయి. సిగ్గుపడకండి, నేనూ ఆరేళ్ళు అదే పని చేశాను. ఇవాళ నేను చెప్పబోయేదంతా తెల్లమచ్చ రోగానికి మందని వేసే ఆ 'కొంచెం' గురించే.

కొంచెం రాగి వేస్తే ఏమవుతుంది? చేప మీద మచ్చలు కనపడవు. షాపులో చావులు తగ్గుతాయి. కస్టమరు అద్దం దగ్గర నిలబడి చూస్తే చేప శుభ్రంగా ఉంటుంది. మనకీ నిద్ర పడుతుంది. కానీ రోగం పోలేదు, అణిగి ఉందంతే. జ్వరానికి పావు బిళ్ళ వేసుకుని పెళ్ళికి వెళ్ళినట్టన్నమాట. భోజనాల దాకా బాగానే ఉంటుంది. ఆ చేప కస్టమరు ఇంటికి వెళ్ళాక అక్కడి నీళ్ళల్లో రాగి ఉండదు. పది రోజులు తిరిగేసరికి ఆ ఇంట్లో ఉన్న చేపలన్నిటికీ మచ్చలే. అప్పుడు ఆయన ఏమంటాడు? 'షాపులో బాగానే ఉందండీ, మా నీళ్ళే పడలేదేమో' అంటాడు. పాపం, తప్పు తన మీద వేసుకుంటాడు. మనం కూడా 'అవునండీ, మీ పీహెచ్ చూసుకోండి' అని ఒక టెస్ట్ కిట్టు అమ్మి పంపిస్తాం. నేను అమ్మాను కాబట్టే చెప్తున్నాను.

నా కళ్ళు తెరిపించింది ఒక రొయ్యల రైతు. వయసులో పెద్దాయన, నేను బాబాయిగారూ అని పిలుస్తాను. కొత్త ఇల్లు కట్టుకున్నారు, హాల్లో ఐదడుగుల సముద్రపు తొట్టె పెట్టించారు. శ్రావణంలో ఆదివారం గృహప్రవేశం. మన దగ్గర సంగతి మీకు తెలిసిందే, ముహూర్తానికి ఆవు రావాలి, పాలు పొంగాలి, ఈ మధ్య తొట్టెలో చేప కూడా తిరగాలి. చెన్నై నుంచి పెట్టె బుధవారం పొద్దున్న దిగింది. రెండు నీలం టాంగులు, నాలుగు క్లౌన్లు, ఒక బటర్‌ఫ్లై. శనివారం సాయంత్రం తీసుకెళ్ళి వదిలాను. ఫొటోలు బాగా వచ్చాయి. మరుసటి శుక్రవారానికి తొట్టె ఖాళీ.

ఆయన కోపంగా రాలేదు. అదే ఇంకా ఇబ్బంది. కుర్చీ లాక్కుని కూర్చుని, 'అబ్బాయ్, నేను రొయ్య సీడుకి పీసీఆర్ టెస్టు చేయించకుండా చెరువులో వదులుతానా?' అన్నారు. వదలరు కదండీ అన్నాను. 'మరి నాకిచ్చిన చేపకి ఏం టెస్టు చేయించావు?' అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. డబ్బులు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. 'బుధవారం వచ్చిన చేపని శనివారం ఇచ్చావు. నేనడిగాననుకో, నువ్వు ఇవ్వకూడదు కదా' అన్నారు.

మన జిల్లాల్లో ఈ విషయం చెప్పడం నిజానికి తేలిక. క్వారంటైన్ అన్న మాట మనకి కరోనాతో వచ్చింది కాదు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చిన దగ్గర్నుంచి, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్య నేరుగా పిల్లల్ని పుట్టించే హేచరీకి రాదు. చెన్నై నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రంలో ఆగి, పరీక్షలు దాటాకే హేచరీ గుమ్మం తొక్కుతుంది. రూపాయి కూడా చేయని పిల్ల కోసం అంత పద్ధతి పెట్టుకున్న వాళ్ళం, వేలు పోసి కొన్న టాంగుని కవర్లోంచి నేరుగా సిస్టమ్‌లోకి గుమ్మరిస్తున్నాం.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చేసి ముందుకెళ్తాను. భీమవరంలో 'వైట్ స్పాట్' అంటే చెరువు గట్టు మీద అందరూ లేచి నిలబడతారు. అది రొయ్యకి వచ్చే వైరస్. మనం మాట్లాడే తెల్లమచ్చ వేరు. ఇది చేపకి వచ్చేది, వైరస్ కాదు, ఒకే కణం ఉన్న పరాన్నజీవి. క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని దాని పేరు. రొయ్యకి దీంతో ఏమీ కాదు, చేపకి ఆ వైరస్‌తో ఏమీ కాదు. మంచినీళ్ళ చేపలకి వచ్చే తెల్లమచ్చ ఇంకోటి, చూడ్డానికి ఒకేలా ఉంటుంది గానీ జాతి వేరు. గోల్డ్‌ఫిష్‌కి వాడే మందు సీసా తీసుకొచ్చి టాంగు తొట్టెలో పోస్తే పని జరగదు.

దీని బతుకు ఎలా ఉంటుందో కొంచెం నిదానంగా చెప్పుకుందాం. ఇది అర్థమైతే మిగతాదంతా లెక్కే. చేప మీద మనకి కనపడే తెల్ల చుక్క ఉంది చూశారా, అది చర్మం పై పొర కింద దూరి కూర్చుని తింటున్న దశ. మూడు రోజుల నుంచి వారం దాకా అక్కడ ఉంటుంది. తర్వాత రాలిపోతుంది, ఎక్కువగా తెల్లవారుజామున. పొద్దున్న చూస్తే చేప శుభ్రంగా ఉంటుంది, 'తగ్గిపోయింది' అని మనం సంబరపడతాం. అది తగ్గలేదు, కిందకి దిగింది. అద్దానికో, ఇసుకకో, పైపుకో అంటుకుని చుట్టూ గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలో ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. మూడు రోజులకి పగలొచ్చు, 28 రోజులకి పగలొచ్చు. అరుదుగా రెండు నెలలు దాటిన సందర్భాలు కూడా పరిశోధనల్లో ఉన్నాయి. పగిలితే ఒక్కో గుల్ల నుంచి వందల్లో పిల్లలు బయటికి ఈదుతాయి. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి.

ఇప్పుడు రాగి ఏం చేస్తుందో చూడండి. చేప చర్మం కింద ఉన్నదాన్ని ముట్టుకోలేదు. గుల్లలో ఉన్నదాన్నీ ముట్టుకోలేదు. బయట ఈదుతూ చేపని వెతుక్కునే ఆ ఒకటి రెండు రోజుల దశని మాత్రమే చంపుతుంది. మన వరి రైతుకి ఇది చెప్పక్కర్లేదు. మొలిచిన ఊదకి మందు కొడితే ఊద పోతుంది, మట్టిలో ఉన్న గింజ పోదు, అది దాని వంతు వచ్చినప్పుడు మొలుస్తుంది. అందుకే నీళ్ళల్లో రాగి సరైన కొలతలో, ఒక్క రోజు కూడా తగ్గకుండా, చివరి గుల్ల పగిలేదాకా ఉండాలి. నేను 30 రోజులు లెక్క పెట్టుకుంటాను. మధ్యలో రెండు రోజులు కొలత పడిపోయిందా, ఆ రెండు రోజుల్లో పుట్టినవి చేపెక్కేస్తాయి. లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

ఇంకో పరాన్నజీవి ఉంది, వెల్వెట్. అమైలోడినియం. తెల్లమచ్చ చేప మీద రవ్వ చల్లినట్టు కనపడితే, వెల్వెట్ బూందీ మీద పంచదార పొడి జల్లినట్టు ఉంటుంది, పక్క నుంచి టార్చి వేస్తేనే కనపడుతుంది. చాలాసార్లు అది కనపడేలోపే చేప పోతుంది, ఎందుకంటే ముందు మొప్పల్ని పడుతుంది. చేప వెలుతురుకి దూరంగా, నీళ్ళు కొట్టే పంపు ఎదురుగా వెళ్ళి నిలబడుతుంది, దవడలు గబగబా ఆడతాయి. రెండు మూడు రోజుల్లో తొట్టె మొత్తం పోతుంది. బాబాయిగారి ఇంట్లో జరిగింది ఇదేనని నాకు తర్వాత అర్థమైంది. రాగికి ఇది లొంగుతుంది, కానీ తెల్లమచ్చకి ఇచ్చినంత టైము ఇది ఇవ్వదు. కొత్త చేప వచ్చిన రోజే దవడ ఆడటం నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి చీటీ మీద రాసుకోండి. మూడో రోజు మళ్ళీ లెక్కపెట్టండి. పెరిగితే అనుమానించండి. ఫోన్లో టైమర్ పెట్టుకుంటే చాలు, మిషన్లేమీ అక్కర్లేదు.

సరే, రాగి దగ్గరికొద్దాం. మనం రాగిని వేసేది మైలుతుత్తం రూపంలో, అదే కాపర్ సల్ఫేట్. ఇది మన కోనసీమకి కొత్త కాదు. కొబ్బరికీ, తమలపాకు తోటలకీ తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం కలిపేది దీంతోనే. చేపల చెరువులో నాచుకి కూడా వేస్తారు. అందుకే మనవాళ్ళకి దీని మీద చనువెక్కువ. చెరువులో ఆల్కలినిటీని వందతో భాగించి డోసు వేసే లెక్క ఉంది, అది మంచినీళ్ళ లెక్క. దాన్ని సముద్రపు తొట్టెకి తేవద్దు. ఎరువుల కొట్లో దొరికే మైలుతుత్తం కూడా తేవద్దు, అందులో ఇంకేమేమి కలిసి ఉంటాయో మనకి తెలీదు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట శుద్ధమైనది కొనుక్కోండి. నీలం పటికబెల్లంలా ఉంటుంది, పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి. విషం అది.

లెక్క రాసుకునేవాళ్ళు రాసుకోండి. నీళ్ళు పట్టి ఉండే మైలుతుత్తం స్ఫటికంలో నాలుగో వంతు కంటే ఒక పిసరు ఎక్కువ రాగి ఉంటుంది. 3.93 గ్రాములు తూచి ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్లో కరిగిస్తే, ఒక మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము రాగి వస్తుంది. బంగారం కొట్టువాళ్ళ తూకం లాంటిది కావాలి, వంటింటి కాటా పనికిరాదు. మనకి తొట్టెలో కావలసింది లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. 0.15 కంటే తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, 0.20 బాగా దాటితే చేప బతకదు. ఆ సందు ఎంత ఇరుకో చూడండి.

తొట్టెలో నీళ్ళెన్నో టేపుతో కొలిచి గుణించకండి. అద్దం మందం, పైన వదిలిన ఖాళీ, ఫిల్టరు, అన్నీ కలిసి లెక్క తప్పుతుంది. 20 లీటర్ల వాటర్ టిన్నుతో పోసుకుంటూ లెక్కపెట్టండి. ఆరు టిన్నులు పట్టింది, 120 లీటర్లు. 120ని 0.2తో గుణిస్తే 24 మిల్లీగ్రాములు, అంటే మన సీసాలోంచి 24 మిల్లీలీటర్లు. ఇంజక్షన్ సిరంజితో తీయండి. సగం ఇవాళ, టెస్టు చూసుకుని మిగతా సగం రేపు. వెల్వెట్ అనుమానం ఉంటే మాత్రం ఒక్క రోజులోనే కొలతకి తీసుకురండి.

ఆవిరైన నీళ్ళకి మంచినీళ్ళు పోసేటప్పుడు రాగి కలపకూడదు. నీళ్ళే ఆవిరయ్యాయి, రాగి తొట్టెలోనే ఉంది. అదే ఒక టిన్ను నీళ్ళు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు పోస్తే, ఆ 20 లీటర్లకీ 4 మిల్లీలీటర్లు కలిపే పోయాలి. మా కుర్రాడు ఈ రెండూ తారుమారు చేశాడు ఒకసారి. వాణ్ణి తిట్టాను గానీ నేను గోడ మీద రాసి పెట్టి ఉంటే వాడు చేసేవాడు కాదు.

నేను చేసిన తప్పు అంతకంటే పెద్దది. చెప్పాలి. అప్పట్లో మా తొట్టెల్లో అడుగున పగడపు ముక్కల ఇసుక ఉండేది, చూడ్డానికి బావుంటుందని. రాగి వేశాను. మర్నాడు టెస్టు చేస్తే దాదాపు ఏమీ లేదు. మళ్ళీ వేశాను. మర్నాడు మళ్ళీ లేదు. కిట్టు పాడైందనుకున్నాను. నాలుగు రోజులు అలా వేసుకుంటూ పోయాను. జరిగిందేంటంటే, సముద్రపు నీళ్ళు క్షారంగా ఉంటాయి, పీహెచ్ 8.2 దగ్గర. ఆ నీళ్ళల్లో విడిగా ఉన్న రాగి కార్బనేటుగా మారి అడుక్కి దిగుతూ ఉంటుంది. సున్నపు రాయి, గవ్వ, పగడపు ఇసుక కూడా దాన్ని పట్టేసుకుంటాయి. ఆ వారం కరెంటు సరిగా లేదు, ఏరియేటర్లు ఆగి ఆగి నడిచాయి. రాత్రంతా గాలి లేక పీహెచ్ పడిపోయింది. ఇసుక పట్టుకున్నదంతా తిరిగి నీళ్ళల్లోకి వదిలింది. పొద్దున్న షట్టరు ఎత్తేసరికి తొమ్మిది చేపలు. ఏంజిల్ ఒకటి ఇంకా కొట్టుకుంటోంది, మొప్పల నిండా జిగురు కారుతోంది. కిట్టు సరిగానే ఉంది. నాలుగు రోజులూ నిజమే చెప్పింది, నేనే నమ్మలేదు.

అందుకని రాగి వేసే తొట్టెలో ఇసుక వద్దు, లైవ్ రాక్, అదే జీవులు పట్టిన సముద్రపు రాయి, వద్దు, గవ్వలు వద్దు. ఒట్టి అద్దం తొట్టె, దాక్కోవడానికి రెండు మూడు ముక్కలు పీవీసీ పైపు, ముందే వేరే తొట్టెలో నడిపించి బ్యాక్టీరియా పట్టిన స్పాంజి ఫిల్టరు. అంతే. చూడ్డానికి బావుండదు. ఆస్పత్రి వార్డు కూడా బావుండదు.

కీలేటెడ్ రాగి గురించి అడుగుతున్నారు. అవును, అది తేలిక. రాగిని వేరే పదార్థంతో కట్టిపడేసి ఉంచుతారు కాబట్టి అడుక్కి దిగదు, రోజుల తరబడి నిలబడుతుంది, చేపకి కాస్త నెమ్మది. చిన్న షాపుకి నేను అదే మంచిదంటాను. కానీ కొలత పూర్తిగా వేరు. దాన్ని తయారీని బట్టి లీటరుకి 1.5 నుంచి 2.5 మిల్లీగ్రాముల దాకా ఉంచాలి. అమీన్‌తో కట్టిన ఇంకో రకం 0.5 దగ్గర పనిచేస్తుంది. మైలుతుత్తం 0.2. మూడింటినీ మనం 'కాపర్' అనే అంటాం. ఒకడు ఫోన్ చేసి 'కాపర్ ఎంత పెట్టాలన్నా' అంటే, ఏ కాపరో అడక్కుండా చెప్పకండి. 2 అని చెప్పి వాడి చేతిలో మైలుతుత్తం ఉంటే ఆ రాత్రే అన్నీ పోతాయి. 0.2 అని చెప్పి వాడి చేతిలో కీలేటెడ్ ఉంటే నెల రోజులు నీళ్ళకి రంగేసినట్టే. కిట్టు కూడా ఆ రకం రాగిని చదవగలదో లేదో డబ్బా మీద చూసుకోవాలి. రంగు చూసి పోల్చే కార్డు ట్యూబులైటు కింద 0.15కీ 0.25కీ తేడా చెప్పదు. నలుగురు కలిసి కొన్నా సరే, ఒక డిజిటల్ మీటరు కొనండి.

ఒక రకం నుంచి ఇంకో రకానికి మధ్యలో మారకండి. రాగి ఉన్న తొట్టెలో, చేప వదిలే అమ్మోనియాని కట్టే మందులు, క్లోరిన్ తీసే మందులు లేబుల్ చదవకుండా పోయకండి. కొన్ని కట్టు విప్పేసి రాగిని ఒక్కసారిగా వదులుతాయి. యూవీ లైటు ఆపండి. ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మీరు వేసింది వేసినట్టు అదే మింగుతుంది.

అమ్మోనియాకి మరేం చేయాలంటారా? తక్కువ మేత, రోజూ పైపుతో అడుగు లాగడం, నీళ్ళు మార్చడం. అడ్డదారి లేదు. పైగా మన ఎండాకాలం సంగతి ఆలోచించండి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్ళు ఆరు చిల్లర మాత్రమే పట్టుకుంటాయి. రాగి మొప్పల్ని ఎలాగూ కొంచెం ఇబ్బంది పెడుతుంది. అందుకని గాలి రాయి ఒకటి కాదు, రెండు పెట్టండి, బ్యాటరీ మీద నడిచేది ఒకటి పక్కన ఉంచండి. ఇది రొయ్యల రైతులకి చెప్పాల్సిన ముక్క కాదు, మనకే చెప్పాలి.

రాగి చేయలేని పనులు కూడా ఉన్నాయి. క్లౌన్ చేపకి ఒంటి మీద గంజి పూసినట్టు తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి. రాగికి లొంగదు, ఫార్మలిన్‌తో చేయాలి. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, డోసు తెలిసినవాడి దగ్గర నిలబడి నేర్చుకున్నాకే. జలగల్లాంటి ఫ్లూకులు ఉంటాయి, కంటి మీదా ఒంటి మీదా గాజు పొలుసుల్లా పడుంటాయి, ఉన్నట్టు తెలీదు. అదే పీహెచ్, అదే వేడి ఉన్న మంచినీళ్ళల్లో చేపని ఐదు నిమిషాలు ఉంచి చూడండి. పారదర్శకంగా ఉన్నవి తెల్లబడి ఒక్కొక్కటీ రాలతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు నల్ల బకెట్లో నువ్వులు రాలినట్టు కనపడ్డాయి. ఆ రోజు దాకా ఆ బటర్‌ఫ్లై ఆరోగ్యంగా ఉందని అందరితో చెప్పాను. వాటికి ప్రాజిక్వాంటెల్ వాడాలి. గుడ్లు మిగులుతాయి కాబట్టి వారం తర్వాత రెండోసారి కూడా.

రాగి తట్టుకోలేని చేపలున్నాయి. మాండరిన్‌కి పొలుసులుండవు, దాన్ని రాగిలో పెట్టవద్దు. సొర, తిరికె జాతుల్ని అసలు వద్దు. పఫర్, లయన్ లాంటి వాటికి చాలా నెమ్మదిగా పెంచాలి. రొయ్య, పీత, నత్త, పగడం, ఎనిమోన్ రాగి తగిలితే పోతాయి. ఒకే బకెట్టు, ఒకే వల రెండు వైపులా తిప్పే షాపుల్లో ఇదే పెద్ద ప్రమాదం. మా దగ్గర రాగి తొట్టెల బకెట్లు, పైపులు, వలలు ఎరుపు రంగువి, వేరే గదిలో ఉంటాయి. వెల్వెట్ తుంపర్ల మీద కూడా పక్క తొట్టెకి దాటుతుంది కాబట్టి గది వేరుగా ఉంటే మంచిది. పగడాల మాటొచ్చింది కాబట్టి ఒక్క ముక్క: అవీ, సీహార్స్‌లూ వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. ఎవరో తక్కువకి ఇస్తున్నారని ఆ జోలికి పోకండి.

వాడిన నీళ్ళు ఎక్కడ పోయాలని ఒకరు చీటీ పంపారు. నిజాయితీగా చెప్తాను. మన 100 లీటర్ల తొట్టెలో ఉండే రాగి 20 మిల్లీగ్రాములు, కీలేటెడ్ అయితే 200. కొబ్బరి చెట్టుకి కొట్టే బోర్డో మిశ్రమం ఒక్క లీటర్లోనే 10 గ్రాముల మైలుతుత్తం ఉంటుంది. మన తొట్టె వల్ల యనమదుర్రు డ్రెయిన్ పాడైపోదు, అది పాడవడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. అయినా ఒక రాత్రి కార్బన్ మీద తిప్పి, టెస్టు సున్నా చూపించాకే పారబోయండి. పక్కింటివాళ్ళు అదే కాలువ నీళ్ళు రొయ్య పిల్లల తొట్టెకి తోడుకుంటున్నారేమో మనకి తెలీదు. ఆ సీసాలోని చిక్కటి ద్రావణం మాత్రం ఎప్పుడూ ఎక్కడా పోయకండి.

ఇప్పుడు పెట్టె దిగిన రోజు సంగతి. కవరు కట్టి ఒక రాత్రి గడిచిందంటే లోపల అమ్మోనియా పేరుకుని ఉంటుంది. కానీ చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి, ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. మీరు కవరు విప్పగానే ఆ గాలి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. అందుకని కవరు విప్పి గంటన్నర సేపు చుక్క చుక్క నీళ్ళు కలపడం చేపకి సేవ కాదు. కవరు మూసి ఉండగానే వేడి సమానం చేయండి. క్వారంటైన్ తొట్టెలో ఉప్పుని ముందే పంపినవాళ్ళ నీళ్ళకి దగ్గరగా పెట్టుకోండి. విప్పగానే చేపని చేతిలోకి తీసుకుని దించేయండి, కవరు నీళ్ళు తొట్టెలో పడకూడదు. లైట్లు ఆపి వదిలేయండి. ఆ రోజు రాగి వద్దు, మేత తిననివ్వండి. తినే చేప రాగిని తట్టుకుంటుంది. దవడలు గబగబా ఆడుతుంటే మాత్రం ఆగకండి.

ఉప్పు మాటొచ్చింది కాబట్టి, అంతర్వేది నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు తెచ్చుకునే వాళ్ళకి ఒక మాట. ధవళేశ్వరం గేట్లు ఎత్తిన రోజుల్లో అక్కడి నీళ్ళు సముద్రమో గోదారో చెప్పలేం. ఎర్రగా, చప్పగా ఉంటాయి. ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటరు మన ఊళ్ళో ప్రతి రొయ్యల రైతు జేబులో ఉంది, అడిగి తెచ్చుకుని చూడండి. నేనైతే ప్యాకెట్ ఉప్పే వాడతాను.

30 రోజులు పెట్టుకుంటే గిట్టుబాటు అవుతుందా? ఇది అందరి మనసులో ఉన్న ప్రశ్న. మొదటి ఏడాది నాకు అవలేదు. చేపలు తక్కువ తెచ్చాను, తొట్టెలు నిండి ఉండేవి, వచ్చిన కస్టమర్లు పక్క షాపుకి వెళ్ళిపోయారు. తర్వాత ఒక పని చేశాను. ప్రతి తొట్టెకీ ఒక చీటీ అంటించాను. వచ్చిన తేదీ, రాగి కొలతకొచ్చిన తేదీ, రోజూ మీటరు చూపించిన అంకె, ఏం తింటోంది. ధర పక్క షాపు కంటే మూడో వంతు ఎక్కువ. ఆ చీటీని కస్టమరుకి చేపతో పాటు ఇచ్చేస్తాను. జనం ధర చూసి గొణుగుతారు, చీటీ చదివి కొంటారు. బాబాయిగారు మళ్ళీ వచ్చారు. ఆయన తొట్టెని 76 రోజులు చేప లేకుండా నడిపించమన్నాను, చేప దొరక్క లోపలున్నవి చావాలి కదా. ఆయన క్యాలెండర్‌లో గీతలు పెట్టుకుని 77వ రోజు పొద్దున్నే వచ్చారు.

ఇంకేమైనా అడుగుతారా?

(సభ నుంచి: నా దగ్గర మొత్తం ఒకే సంపు, పద్నాలుగు తొట్టెలు. నీళ్ళల్లో మైలుతుత్తం ఎప్పుడూ 0.1 దగ్గర ఉంటుంది. ఇప్పుడు నేనేం చేయాలండీ?)

మంచి ప్రశ్న, అందరూ అడగాల్సినది. ముందు రాగిని ఒక్కసారిగా ఆపేయకండి, అణిగి ఉన్నదంతా ఒకేసారి లేస్తుంది. అడుగున ఇసుక గానీ పగడపు ముక్కలు గానీ ఉంటే ఇవాళే తీసేయండి. పఫర్లు, లయన్లు ఉంటే చెప్పండి, వాటిని విడిగా చూద్దాం. మిగతావాటికి రెండు రోజుల్లో 0.18 దాకా తీసుకెళ్ళి, రోజుకి రెండుసార్లు టెస్టు చేస్తూ 30 రోజులు అక్కడే పట్టుకోండి. తర్వాత కార్బన్‌తో పూర్తిగా తీసేయండి. ఆ తర్వాత వచ్చే చేప ఏదీ ఈ సంపులోకి నేరుగా రాకూడదు, దానికి వేరే గదిలో రెండు ఒట్టి తొట్టెలు పెట్టుకోండి.

(సభ నుంచి: ఆ 30 రోజులూ కొత్త చేపలు దింపుకోవచ్చా?)

కూడదు.

(సభ నుంచి: దసరా సీజన్ పోతుంది కదండీ.)

పోతుందండి.